ముల్లు గుచ్చిన ఆకు

"గుడ్డ కప్పకు. అందరూ చూడాలి," అంది ఎతెల్కా.

కోడలు నొయెమి చేతిలోని తడిగుడ్డ చేతిలోనే ఉండిపోయింది.

ద్రాక్ష గానుగ కొట్టం తలుపులు రెండూ బార్లా తీసి ఉన్నా ఆ ఘాటు బయటికి పోవడం లేదు. లోపల వెనిగర్ పీపా పగిలినట్టుంది. చెక్క తొట్టి మీద సన్నని ఈగలు పొగలా లేచి, కాసేపు తారాడి, మళ్ళీ తొట్టి మీదే వాలుతున్నాయి. రెండు రోజులుగా కొట్టం తాళంచెవి ఎతెల్కా నడుముకే ఉంది. ఈ ఉదయం పట్నం నుంచి తిరిగొచ్చిన కొడుకు గెర్గో తలుపు తియ్యమనేదాకా లోపలికి ఎవరూ పోలేదు.

గెర్గో తొట్టిలో చెయ్యి పెట్టాడు. ముడుచుకుపోయిన ద్రాక్షపండ్లు గుప్పెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, వెంటనే దూరంగా విదిలించాడు.

"మూడు వారాలు," అన్నాడు. "పన్నెండు మంది. ఒక్కొక్క పండూ వేలితో ఏరి..."

చెయ్యి ప్యాంటుకు తుడుచుకున్నాడు. తుడుచుకున్నదే మళ్ళీ తుడుచుకున్నాడు.

గుమ్మంలో కూలివాళ్ళు గుమిగూడారు. అందరి మెడల్లోనూ చిన్న కత్తెరలు తాళ్ళకి వేలాడుతున్నాయి. వెనక బొద్రోగ్ నది మీంచి లేచిన మంచు ఇంకా కొండ నడుము దాకా ఉంది. ఇంకో రోజైతే ఆ మంచుని చూసి అందరూ సంతోషించేవారు. ఆ మంచు పండు మీద బూడిదరంగు బూజు పట్టిస్తుంది. మధ్యాహ్నపుటెండ ఆ పండుని ముడిచి తేనె చేస్తుంది. దాన్నే ఆసూ పండు అంటారు, తియ్యటి వైన్‌కి అదే మూలం. రెండేళ్ళుగా కీగ్యోష్ కొండ మీద ఆ బూజు పట్టలేదు. ఒక ఏడు ఎండలు కాల్చేశాయి, మరో ఏడు వడగళ్ళు కొట్టేశాయి. ఈ ఏడు పట్టింది. పట్టిన పండంతా ఇదిగో, ఇలా అయింది.

"ఇది ఎవరి బుట్టలోంచి వచ్చిందో నాకు తెలుసు." ఎతెల్కా చూపు గుమ్మంలోని ముఖాలన్నీ దాటి ఒక గోధుమరంగు తలగుడ్డ మీద ఆగింది. "వాన పడ్డ మర్నాడు కింది వరసల్లో కోసింది ఎవరు? నువ్వు కాదూ, రోజీ?"

రోజి ముందుకొచ్చింది. ఎతెల్కా కన్నా రెండేళ్ళు పెద్ద. ఇద్దరూ ఒకే బడిలో ఒకే బల్ల మీద కూర్చున్నవాళ్ళు. ముప్ఫై ఒక్క శరత్తులుగా ఈ కొండ మీద పండు ఏరుతోంది.

"నేనే. కాదన్నానా?" అంది. "ఆ రోజు కందిరీగలు కుట్టిన పండు చాలా ఉంది. అనుమానం ఉన్నవన్నీ ఆకులో పెట్టి తెచ్చాను. నీ ముందే పెట్టాను. 'ఇవెందుకో నాకు నచ్చలేదే, బాగా చూడు' అని నోటితో కూడా చెప్పాను."

"నా బల్ల మీదికి ఏ ఆకూ రాలేదు."

"రాలేదా?"

"రాలేదు."

రోజి చెయ్యి మెడలోని కత్తెర మీదికి వెళ్ళింది.

ఆ కొండ మీద ఏరేవాళ్ళందరిదీ ఒకటే పద్ధతి. మంచిదని తెలిసిన పండు బుట్టలో వేస్తారు. చెడిందని తెలిసినది నేల మీద పారేస్తారు. ఎటూ తేలనివి ఒక ద్రాక్షాకులో పెట్టి బుట్ట పైన ఉంచుతారు. ఇంటి ఇల్లాలు ప్రతి బుట్టా వాసన చూసి "రానీ" అంటే తొట్టిలోకి, "వద్దు" అంటే కోళ్ళకి. బుట్టలో ఆకు ఉంటే ముందు ఆ ఆకు సంగతి తేల్చాలి. రోజి అయితే ఆకుని దొన్నెలా మడిచి, అంచుకి ఒక ముల్లు గుచ్చి మరీ తెస్తుంది. పండు దొర్లిపోకూడదని.

"డెజో బాబాయ్, బుట్టలు మోసింది నువ్వు గదా. ఆకు చూశావా?" గెర్గో అడిగాడు.

"నేను వీపు మీద మోసేవాణ్ణయ్యా. నా వెనకాల ఏముందో మా ఆవిడకే తెలియదు, నాకేం తెలుస్తుంది?" అన్నాడు డెజో. ఎవరూ నవ్వలేదు. డెజో పైపు నోట్లో పెట్టుకున్నాడు, వెలిగించకుండానే.

"రోజి ఇంటికి వెళ్ళిపోతుంది," అంది ఎతెల్కా. "ఇక ఈ కొండ ఎక్కనక్కర్లేదు."

"అమ్మా, ఆగు."

"ఆగేదేముంది?"

"తొట్టి తోడదాం," అన్నాడు గెర్గో. "ఆకు అందులో పడి ఉంటే దొరుకుతుంది. లేకపోతే లేదు. అప్పుడు పంపిద్దువుగాని." తల్లి వంక చూడకుండా గొంతు తగ్గించాడు. "కొత్త వైన్ తెరిచే మార్టోన్ పండగకి ఇంకా పదకొండు రోజులుంది. ఈ ఏడు ఆసూ లేకపోతే ఈ కొండని వైన్ కంపెనీవాళ్ళకి అమ్మేస్తానని నీ ముందే చెప్పాను. ఇంకా పై వరసలున్నాయి. అవి సరిగ్గా వస్తే చూద్దాం. అవీ ఇలాగే అయితే నన్నేమీ అనకు."

ఎతెల్కా తాళంచెవి నడుములోంచి తీసి, మళ్ళీ దోపుకుంది.

రోజి ఎవరూ పొమ్మనకుండానే వెళ్ళింది. గుమ్మం దగ్గర మెడలోంచి కత్తెర తీసి, తాడు చుట్టి, గడప మీద పెట్టింది.

*

తోడడం నొయెమి వంతయింది. నాలుగేళ్ళ కాపురంలో ఆ తొట్టి దగ్గరికి ఆమెను రానివ్వడం అదే మొదటిసారి. అదీ ఖాళీ చెయ్యడానికి.

"పొద్దుతిరుగుడు చేలో పుట్టినదానికి పండు వాసన ఏం తెలుస్తుంది," అని ప్రతి ఏడూ అనేది అత్తగారు. నొయెమి పుట్టింది కొండన్నదే లేని మైదానంలో. వాన ఎప్పుడొస్తుందో గాలిని బట్టి చెప్పే మనుషుల మధ్య. తన ముక్కు మంచిదని ఆమెకు తెలుసు. చెప్పే అవకాశమే ఎవరూ ఇవ్వలేదు.

చెక్క పారతో తోడి బకెట్లలో పోస్తోంది. డెజో వాటిని మోసుకుపోయి కోళ్ళగూడు వెనక కుప్ప పోస్తున్నాడు. ఎతెల్కా ముక్కాలిపీట మీద కూర్చుని చూస్తోంది. కళ్ళు మండి నొయెమి రెండుసార్లు బయటికి పరిగెత్తాల్సి వచ్చింది. ఎతెల్కా మాత్రం ఆ ఘాటులో చర్చిలో కూర్చున్నంత ప్రశాంతంగా కూర్చుంది.

సగం దాటాక పారకి ఏదో మెత్తగా అడ్డం పడింది.

నొయెమి వంగి చేత్తో తీసింది. నల్లబడి, పండ్ల గుజ్జుతో అంటుకుపోయిన ద్రాక్షాకు. దొన్నెలా మడిచి ఉంది. అంచుకి ముల్లు.

తలెత్తింది. అత్తగారు ఆమె చేతివంకే చూస్తోంది.

బయట డెజో బకెట్ బోర్లించిన చప్పుడు వినిపించింది. కోళ్ళు అరిచాయి. డెజో అడుగులు తిరిగి దగ్గరవుతున్నాయి.

నొయెమి ఆకుని ఏప్రన్ జేబులో వేసుకుంది. ఎందుకు వేసుకుందో ఆ క్షణాన అడిగితే చెప్పలేకపోయేది. పోయిన గురువారం వంటింట్లో గ్యాస్ పొయ్యి వెలగకుండా తెరిచి ఉండగా, పక్కనే కూర్చుని నిమ్మళంగా బంగాళాదుంపల తొక్క తీస్తున్న అత్తగారు గుర్తొచ్చింది. "గాలికి ఆరిపోయుంటుంది," అంది ఆ రోజు. మరిచిపోయిందేమో, వయసు మీద పడిందేమో అనుకుంది నొయెమి. అది మతిమరుపు కాదని ఈ తొట్టి చెబుతోంది.

*

మధ్యాహ్నం కూలివాళ్ళకి రొట్టె మీద పంది కొవ్వు రాసి ఉల్లిపాయ ముక్కలు పెట్టాలి. ఎతెల్కా ఎర్ర ఉల్లిపాయలు తరుగుతోంది. చెంపల మీంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు.

నొయెమి రొట్టె కోస్తూ అడిగింది. "ఎప్పటినుంచి, అత్తయ్యా?"

"ఏది ఎప్పటినుంచి?"

నొయెమి రొట్టె ముక్కలు పళ్ళెంలో పేర్చింది. అయిపోయాక ఇంకో రొట్టె తీసింది.

"చూడు, కళ్ళు మాత్రం మండుతాయి," అంది ఎతెల్కా, ఉల్లిపాయ ముక్క ముఖానికి దగ్గరగా పెట్టుకుని. "అదీ ఇంత దగ్గరికొస్తేనే. వాసన మాత్రం లేదు. నీళ్ళు కోసినట్టుంటుంది."

"మార్చిలో జ్వరం వచ్చిందే, అప్పటినుంచా?"

"అప్పటినుంచే. వచ్చేస్తుందిలే అనుకున్నా. లిలాక్ పూస్తే వస్తుందనుకున్నా. ద్రాక్ష పూతకి తప్పకుండా వస్తుందనుకున్నా. జూన్‌లో వారం రోజులు పొద్దున్నే కొండెక్కి పూత మధ్యన నిలబడ్డాను. నీకు గుర్తుందా?"

"నడుంనొప్పికి నడుస్తున్నానన్నారు."

"మరి ఏమనను?"

"డాక్టరు దగ్గరికి..."

"ఈ ఊరి డాక్టరు దగ్గరికి పొద్దున వెళితే సాయంత్రానికి చర్చి మెట్ల మీద చెప్పుకుంటారు. ఎతెల్కా ముక్కు పోయిందిట అని." కత్తి బల్ల మీద పెట్టింది. "మీ మామగారు నన్ను చేసుకుంది ముఖం చూసి కాదే అమ్మాయ్. నా ముఖంలో చూడటానికేముంది? నేలమాళిగలో నలభై పీపాలుంటే, మెట్ల మీద నిలబడి, ఏది కారుతోందో చెప్పాను. పందొమ్మిదేళ్ళప్పుడు. మీ మామగారి నాన్న నా చెయ్యి పట్టుకుని, ఈ పిల్ల ఈ ఇంట్లో ఉండాలి అన్నాడు."

"రోజి పెద్దమ్మ ఆకు తెచ్చింది."

"తెచ్చింది."

"మీరు చూశారు."

"చూశాను. వాసన చూశాను కూడా, అందరూ చూస్తున్నారు గదా. ఏం తెలియలేదు. ఆకు తీసి పక్కన పెడదామనుకునేలోగా డెజో బుట్ట ఎత్తేశాడు. వద్దంటే ఎందుకంటాడు. ఊరుకున్నాను." ఎతెల్కా కళ్ళు తుడుచుకుంది. అవి ఉల్లిపాయ నీళ్ళో కావో చెప్పడం కష్టం. "గుప్పెడు పండు. తొట్టి మొత్తాన్ని తింటుందని తెలుసు. తెలిసీ తాళం వేసుకుని రెండు రోజులు కూర్చున్నాను."

"మీ అబ్బాయికి చెప్పేద్దాం."

"చెప్పు. వెళ్ళి చెప్పు." గొంతు ఒక్కసారిగా పాత ఎతెల్కా గొంతయింది. "వాసన చూసే మనిషి లేని ఇంటికి ఆసూ కొండ దేనికంటాడు. రేపే సంతకం పెట్టేస్తాడు. వాడికి కావలసింది ఒక్క సాకు. సంతకం పెట్టేశాక నువ్వూ నేనూ ఈ వంటింట్లో ఉల్లిపాయలు తరుక్కుంటూ కూర్చోవచ్చు."

నొయెమి కిటికీలోంచి చూసింది. పై వరసల్లో ఆకులు రాగిరంగు తిరిగాయి. వాటి మధ్య ఊదారంగుకు మళ్ళిన గుత్తులు. ఎనిమిది వరసలు. ఎండ నిలిస్తే మూడు రోజుల పని.

"రేపట్నుంచి నువ్వు నా వెనకాల నిలబడు," అంది ఎతెల్కా. గొంతు మళ్ళీ తగ్గింది. "బల్ల తుడుస్తున్నట్టు. పండు బాగుంటే నా వీపు మీద చెయ్యి ఒకసారి వెయ్యి. బాగోకపోతే రెండుసార్లు. మాట నేను చెబుతాను."

"పొద్దుతిరుగుడు చేలో పుట్టినదాన్ని గదా, నాకేం తెలుస్తుంది?"

ఆ మాట తన నోట్లోంచే వచ్చినందుకు నొయెమికే ఆశ్చర్యం వేసింది. ఎతెల్కా తరిగిన ముక్కలు పళ్ళెంలోకి తోసింది.

"తెలుస్తుంది," అంది. "మొదటి ఏడే తెలుసు నాకు. అందుకే రానివ్వలేదు."

నొయెమికి కోపం రావలసిన చోట ఇంకేదో వచ్చింది. రేపు తొట్టి దగ్గర నిలబడబోతున్నానన్న సంతోషం. ఆ సంతోషానికి సిగ్గుపడింది.

"రోజి పెద్దమ్మని వెనక్కి పిలవాలి."

"తొట్టి నిండనీ."

"రేపే పిలవాలి."

"పిలిస్తే ఎందుకు పిలిచావంటారు. తొట్టి నిండనీ అన్నాను గదా. దానికి కూతురింట్లో చోటుంది. పదిరోజులు కోపంతో ఉంటుంది, తర్వాత నేనే వెళ్ళి కాళ్ళు పట్టుకుంటాను." ఎతెల్కా ఉల్లిపాయల పళ్ళెం తీసుకుని గుమ్మం వైపు నడిచి, ఆగింది. "జేబులోది కట్టెల పొయ్యిలో పడెయ్యి."

నొయెమి పొయ్యి దాకా వెళ్ళింది. పొయ్యి మూత తీసింది కూడా. నిప్పులు చూసి, మళ్ళీ మూసేసింది.

*

పొద్దుగూకాక చిక్కుడుగింజల సూప్ ముందు కూర్చున్నారు ముగ్గురూ.

"తొట్టి మొత్తం తోడేశారా?" గెర్గో అడిగాడు.

"కడిగి ఎండబెట్టాం. రెండోది సిద్ధం చేశాం," అంది ఎతెల్కా.

"ఆకు?"

చెంచాలు గిన్నెలకి తగిలిన చప్పుడు.

"ఏమీ లేదు," అంది ఎతెల్కా.

గెర్గో తల్లిని చూడలేదు. భార్యను చూశాడు. "తోడింది నువ్వు గదా. నువ్వు చెప్పు."

జేబులో ఆకు ఉంది. నాలుగేళ్ళుగా ఈ మనిషికి ఆమె ఒక్క అబద్ధమూ ఆడలేదు. ఇప్పుడు కూడా ఆడదలచుకోలేదు.

"సూప్ చల్లారిపోతోంది," అంది.

గెర్గో ఇంకో క్షణం చూసి, చెంచా ఎత్తాడు.

*

మర్నాడు మంచు తొందరగా విడిపోయింది. పదిన్నరకల్లా ఆకాశం కడిగినట్టయింది. పెరట్లో బల్ల వేశారు. పక్కన రెండో తొట్టి. ఎతెల్కా నల్ల స్వెటర్ తొడుక్కుని, జుట్టు బిగించి కట్టుకుని బల్ల వెనక నిలబడింది. ఆమె వెనక నొయెమి, చేతిలో గుడ్డతో.

మొదటి బుట్ట వచ్చింది. ఎతెల్కా వంగింది. నొయెమి బల్ల అంచు తుడుస్తూ వంగింది. తేనె. దాని అడుగున వాన వెలిసిన అడవిలాంటి పుట్టగొడుగు వాసన. స్వెటర్ మీద చెయ్యి ఒకసారి వేసింది.

"రానీ."

రెండోది. "రానీ." మూడోది. నాలుగో బుట్టలో, పైకి చక్కగా ఉన్న పండు కింద ఎక్కడో, సూదిమొనంత ఘాటు. రెండుసార్లు.

"వద్దు," అంది ఎతెల్కా. "అడుగున చూసుకోవే పిల్లా. రెండు గుత్తులకి కందిరీగ కుట్టింది."

ఆ పిల్ల బుట్ట బోర్లించి చూసింది. నిజమే. గుంపులో ఒక నిట్టూర్పు వినిపించింది. భయం తగ్గిన నిట్టూర్పు.

"మొన్న ముక్కు ఎక్కడో మరిచిపోయి వచ్చినట్టుంది, ఇవాళ దొరికింది!" అన్నాడు డెజో బుట్ట దించుతూ.

"నీ వీపు మీది కంపు భరించలేక పారిపోయిందిరా డెజో," అంది ఎతెల్కా. ఈసారి అందరూ నవ్వారు. ఎతెల్కా కూడా నవ్వింది. నొయెమి చేతికింద ఆ వీపు కొంచెం నిటారైంది. తర్వాతి బుట్టలకి ఎతెల్కా వాసన పేర్లు కూడా చెప్పడం మొదలుపెట్టింది. ఇది ఎండు నేరేడు, ఇది నారింజ తొక్క. ఎవరూ అడగకుండానే.

మధ్యాహ్నం గంటలు మోగేసరికి తొట్టి పావు వంతు నిండింది. పండు తన బరువుకే నలిగి కారే తొలి ఊట, అడుగున గొట్టంలోంచి బొట్టు తర్వాత బొట్టు, గాజు కూజాలోకి జారింది. పీపాకి కట్లు బిగిస్తున్న గెర్గో సుత్తి పక్కన పెట్టి వచ్చి, ఆ కూజాని ఎండకెత్తి చూశాడు. నిన్నటినుంచి మొదటిసారి అతని ముఖం మీద ముడతలు విడిపోయాయి.

అప్పుడే పై దారిలోంచి గోధుమరంగు తలగుడ్డ దిగింది.

రోజి నడుం మీద బుట్ట ఉంది. ఎవరూ దారి ఇమ్మనకుండానే అందరూ పక్కకి జరిగారు. ఆమె వచ్చి బుట్టని బల్ల మీద పెట్టింది.

"పిలవకుండా వచ్చాను," అంది. "కూలి అడగను. గొడవా పెట్టుకోను. ఒక్క బుట్ట. చూసి చెప్పు, వెళ్ళిపోతాను."

"నిన్ను కొండ ఎక్కద్దన్నాను."

"చూడమ్మా," అన్నాడు గెర్గో, కూజా చేతిలోనే పట్టుకుని. "అందరిముందూ చూడు. తేలిపోతుంది."

బుట్ట పైన ద్రాక్షాకు. దొన్నెలా మడిచి, అంచుకి ముల్లు గుచ్చి. అందులో గుప్పెడు పండు.

ఎతెల్కా వంగింది. నొయెమి వంగక్కర్లేకపోయింది. నిలబడ్డ చోటికే వచ్చి కొట్టింది. వెనిగర్. నిన్న రోజంతా తోడిన వెనిగర్. ఇది తీగ మీంచి కోసిన పండు కాదు. కోళ్ళగూడు వెనక కుప్పలోది.

రోజి ఎతెల్కాను చూడటం లేదు. నొయెమి చేతిని చూస్తోంది.

చెయ్యి రెండుసార్లు వేస్తే అత్తగారు "వద్దు" అంటుంది. ఎతెల్కా ముక్కు ఎప్పటిలాగే ఉందంటారు, రోజి రెండోసారి కుళ్ళు తెచ్చిందంటారు. ఒకసారి వేస్తే అత్తగారు "రానీ" అంటుంది. ఆ తర్వాత ఈ ఊళ్ళో ఆమె తలెత్తుకోలేదు. ఇద్దరి పరువూ తన చేతిలో ఎవరు పెట్టారని?

నొయెమి చెయ్యి గాల్లో ఉంది. దాన్ని కిందికి దించి, ఏప్రన్ జేబులో పెట్టుకుంది.

ఎతెల్కా వీపు ఎదురుచూస్తోంది. ఇంకొంచెం వంగింది. ఊపిరి తీసింది. మళ్ళీ తీసింది. ఒక ఈగ ఆకు అంచు మీద నడిచి, పండు మీద కూర్చుంది.

"రానీ," అంది ఎతెల్కా.

డెజో పైపు నోట్లోంచి తీశాడు.

గెలిచినట్టు లేదు రోజి ముఖం. "ఎతెల్కా," అంది మెల్లగా, "ఇవి పొద్దున్న మీ కోళ్ళగూడు వెనక ఏరాను. నువ్వు నామీద అబద్ధం ఆడావని కోపమొచ్చి ఏరాను. పై దారిలో నిలబడి నీ కోడలి చెయ్యి చూసేదాకా ఇదని నాకు తెలీదే. నాకెందుకు చెప్పలేదు? నాక్కూడా చెప్పకూడదా?"

గెర్గో రెండంగల్లో వచ్చి ఆకు మీద వంగి, తల వెనక్కి లాక్కున్నాడు.

"అమ్మా?"

ఎతెల్కా బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

ఇక దాచేదేమీ లేదనుకుంది నొయెమి. జేబులోంచి ఆకు తీసి, రోజి ఆకు పక్కన పెట్టింది. ఎండి ముడుచుకుపోయినా ముల్లు అలాగే ఉంది. తప్పు ఎవరిదో అది చెబుతుంది. రోజికి మాట దక్కుతుంది. అంతవరకే ఆలోచించింది.

గెర్గో ఆ ఆకుని రెండు వేళ్ళతో ఎత్తాడు.

"ఇది ఎక్కడిది?"

"తొట్టిలోది."

"ఎప్పుడు దొరికింది?"

"నిన్న."

"నిన్న ఎప్పుడు?"

"మధ్యాహ్నం కాకముందు."

"సాయంత్రం నేనడిగాను." గొంతు పెంచలేదు. పెంచితే బాగుండుననిపించింది నొయెమికి. "సూప్ చల్లారిపోతోందన్నావు."

గెర్గో చూపు ఆమె మీంచి తల్లి వీపు మీదికి, అక్కడినుంచి నొయెమి చేతిలోని గుడ్డ మీదికి, చివరికి తొట్టి మీదికి వెళ్ళింది. పొద్దుటినుంచీ ఆమె అక్కడ ఎందుకు నిలబడిందో అతనికి అర్థమవుతుండటం అందరికీ కనిపించింది.

"ఈ ఇంట్లో ఒకరికి ముక్కు లేదు," అన్నాడు. "ఒకరికి నోరు లేదు. నేనెవర్ని నమ్మి ఈ కొండ ఉంచుకోవాలి?"

"గెర్గో, తొట్టిలో పండు మంచిది," అంది నొయెమి. "నేను చూశాను. ప్రతి బుట్టా..."

"నిన్న చెప్పుంటే నమ్మేవాణ్ణి."

కూజాని బల్ల మీద పెట్టాడు. గోడకి వేలాడుతున్న కోటు తీసుకున్నాడు. "బుట్టలు దించెయ్యండి," అన్నాడు కూలివాళ్ళతో. "మార్టోన్ పండగ దాకా ఆగక్కర్లేదు."

కారు తలుపు పడిన చప్పుడు. కంకర మీద చక్రాలు. కొండవాలు దారిలో, కంపెనీ ఆఫీసున్న వైపు, ఇంజను మోత దిగుతూ పోయింది.

పెరట్లో పన్నెండు మంది. బల్ల మీద రెండు ఆకులు. గొట్టంలోంచి ఊట మాత్రం ఆగకుండా బొట్టు బొట్టుగా పడుతోంది.

గాలి దిశ మారింది.

నొయెమి తలెత్తింది. ఆకాశంలో ఒక్క మబ్బు తునక లేదు. కాని ఆ గాలిలో చల్లని ఇనుపముక్కలాంటి వాసన ఉంది, దూరంగా ఎక్కడో తడిసిన మట్టి ఉంది. చిన్నప్పటినుంచి తెలిసిన వాసన. పై ఎనిమిది వరసలు ఇంకా తీగ మీదే ఉన్నాయి. వాన తగిలితే రేపటికి ఆ పండంతా పగిలి, కోళ్ళగూడు వెనక కుప్పలాగే అవుతుంది. కోద్దామంటే, బుట్టలు దించమన్నది ఇంటి యజమాని.

ఎతెల్కా ఆమె వైపు తిరిగింది. ఏడు నెలలుగా ఎవర్నీ అడగని మాట, వీపు మీద చేతికోసం వంగి ఎదురుచూసిన మాట, అందరికీ వినపడేలా అడిగింది.

"నొయెమీ, ఏం వాసన వస్తోందే?"

"వాన, అత్తయ్యా."

డెజో నీలంగా మెరుస్తున్న ఆకాశం చూశాడు. ఆ తర్వాత నొయెమిని చూశాడు. రోజి చూసింది. పన్నెండు మందీ చూశారు. ఎవరూ బుట్ట ఎత్తలేదు, ఎవరూ ఇంటికి కదల్లేదు. కొయ్యమంటుందేమోనని ఆమె నోటివంకే చూస్తున్నారు.

కింద, వంతెన దగ్గర, గెర్గో కారు మలుపు తిరిగి కనుమరుగైంది.